కుడి చక్రం కింది రాయి

చక్రంలో గాలి దిగిపోతున్న సంగతి డ్రైవరు కంటే ముందు ఓబులేసుకు తెలిసింది. ముప్పై ఏళ్లుగా లారీల్లో తిరిగిన మనిషి అతను. బండి వెనక భాగం ఒక వైపు బరువుగా కుంగుతూ లేస్తున్నట్టు నడుముకు తెలియగానే, చెయ్యి బయటికి చాచి తలుపు రేకు మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాడు.

"ఎనక ఎడం పక్క, దేవేంద్రా. లోపలి చక్రం."

"ఎత్తెక్కినంక సూద్దాం మామా."

"ఎత్తెక్కేలోపల పక్కది కూడా పగుల్తాది. ఆపు."

దేవేంద్ర విసుక్కుంటూనే ఆపాడు. 1999 ఫిబ్రవరి నెల, మంగళవారం, మధ్యాహ్నం రెండు దాటింది. కుప్పంలో ఎత్తిన గ్రానైటు పలకలు పది టన్నులు లారీలో నిలువుగా పేర్చి ఉన్నాయి. మదనపల్లెలో కడుతున్న ఒక కల్యాణ మండపానికి అవి ఆరు గంటలలోపు చేరాలి. ఆరు దాటితే దించే హమాలీలు ఇళ్లకు పోతారు, మరునాటి ఉదయం దాకా బండి కదలదు. పలమనేరు దాటిన తరువాత, పుంగనూరికి ఏడెనిమిది మైళ్ల ఇవతల, రోడ్డు ఎత్తు పట్టే చోట లారీ నిలిచింది.

నిండు బండి ఎత్తు మీద నిలిచినప్పుడు ముందుగా చేయవలసిన పని చక్రం విప్పడం కాదు, బండి వెనక్కి జారకుండా చూడడం. హ్యాండ్ బ్రేకును ఓబులేసు ఏనాడూ నమ్మలేదు. దేవేంద్ర మొదటి గేరు వేసి ఇంజను ఆపేలోపలే అతను ఎడమ మోకాలిని చేత్తో పట్టుకుని కిందికి దిగి, రోడ్డు పక్కన రాళ్లు వెతకసాగాడు. గుండ్రటి రాయి పనికిరాదు, చక్రం ఒత్తిడికి దొర్లిపోతుంది. అడుగు చదునుగా, ఒక పక్క వాలుగా ఉన్నది కావాలి. అటువంటిది ఒకటి గట్టు కింద దొరికింది. దానిని రెండు చేతులా పొట్టకు ఆనించుకుని మోసుకొచ్చి, రోడ్డు మధ్య వైపున ఉన్న కుడి వెనక చక్రం కింద, టైరు అంచుకు ఆనేలా పెట్టి, కాలితో రెండుసార్లు తన్ని బిగించాడు. ఎడమ ముందు చక్రానికి ఇంకొక రాయి పెట్టాడు. బండికి ఇరవై అడుగుల వెనక మూడు చిన్న రాళ్లు వరుసగా పేర్చి, వాటి మీద కానుగ కొమ్మ విరిచి వేశాడు. వెనక నుంచి వచ్చేవాళ్లకు అదే హెచ్చరిక.

"ఇంగ మొదులుపెడ్దామా, ఇంగా గుడి కట్టల్నా?" అన్నాడు దేవేంద్ర. అతనికి ముప్పై నాలుగేళ్లు. ఈ పనంతా అతనికి నేర్పినది ఓబులేసే. నేర్చుకున్నవాడు డ్రైవరయ్యాడు, నేర్పినవాడు చూపు మందగించి లైసెన్సు పోగొట్టుకుని, అదే బండికి క్లీనరయ్యాడు. ఆ తేడా గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి, గాలిలోకి లేచిన తరువాత చేస్తే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది. ఓబులేసు పానాకు ఇనుప గొట్టం తొడిగాడు. దేవేంద్ర గొట్టం చివర ఎక్కి నిలబడి తన బరువంతా వేస్తే ఒక్కొక్క నట్టూ కీచుమని కదిలింది. జాకీ కింద మందపాటి టేకు చెక్క వేసి ఇరుసుకు ఆనించారు. ఎత్తే ముందు స్పేరు చక్రాన్ని దించి చాసీ కింద పడుకోబెట్టాడు ఓబులేసు. జాకీ జారితే బండి మనిషి మీద కాక ఆ చక్రం మీద పడుతుంది.

బయటి చక్రం ఊడివచ్చింది. లోపలి చక్రం దగ్గర దేవేంద్ర చెయ్యి పెట్టబోతే ఓబులేసు ఆపాడు.

"సూది తియ్యి ముందు. ఉండే గాలంతా పోనీ."

"పంచరైన చక్రంలో ఇంగేం గాలుంటాది మామా?"

"ఇంగేం గాలుంటాది అనుకునే కుప్పం షెడ్డులో ఒకాయన చక్రానికుండే ఇనుప రింగు ఎగిరొచ్చి మొగం పోగొట్టుకున్యాడు."

"ఆ కత దినానికి రెండు తూర్లు చెప్తావు. టైమెంతయిందో సూసినావా?" అంటూనే వాల్వులోని సూదిని తిప్పి తీశాడు. మిగిలిన గాలి బుస్సుమని చాలాసేపు వచ్చింది.

రోడ్డుకు అవతలి అంచున ఒక యాభై ఏళ్ల స్త్రీ ఉలవలు ఊడ్చి కుప్ప చేస్తున్నది. ఎండిన ఉలవ తీగలను ఆమె లారీకి కొంచెం ముందు, రోడ్డు సగం వెడల్పున పరిచింది. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, కళ్లం కూలి తప్పుతుంది. రాలిన గింజను ఊడ్చి అవతలి అంచున కుప్ప పోసి, దానిమీదికి బండ్లు ఎక్కకుండా చుట్టూ టెంకాయలంత రాళ్లు పెట్టుకున్నది. ఆ రోడ్డు పొడుగునా ఆ నెలలో అందరూ చేసే పనే అది.

"ఏమప్పా, ఆడ నిలబెట్టుకున్యారే బండిని?" అని ఆమె చీపురు ఆపి కేకవేసింది. "ఇంగ పదడుగులు ముందుకొచ్చి చెడిపోయింటే నా ఉలవలు తొక్కుంటారు గదా!"

"పోయేటప్పుడు తొక్కిచ్చిపోతాం లేమ్మా," అన్నాడు ఓబులేసు.

"పది టన్నులు తొక్కితే ఉలవలుండవు, పిండే," అన్నాడు దేవేంద్ర.

"పిండైతే ఇసరే పని తప్పుతాది. నాకేం నష్టం?" ఆమె నవ్వుతూ చెంబుతో నీళ్లు తెచ్చి ఓబులేసుకు ఇచ్చింది. "తాగప్పా. పెద్దోడివి నువ్వు కష్టపడతాండావు, ఆ పిల్లోడు పానా పట్టుకోని నిలబడుండాడు."

"నేను డ్రైవర్నమ్మా."

"డ్రైవరైతే చేతులుండవా?"

దేవేంద్ర కూడా నవ్వాడు. ఆమె పేరు మునిలక్ష్మమ్మ అని, గట్టు అవతల కనిపించే పెంకుటిల్లు వాళ్లదేనని, కొడుకు పుంగనూరులో ఎరువుల అంగట్లో పని చేస్తాడని, నీళ్లు తాగేలోపల ఆమే చెప్పింది.

మూడుంబావుకు చక్రాలు రెండూ ఎక్కాయి. నట్లను వరుసగా కాక ఒకదానికి ఎదురుగా ఒకటి బిగించి, జాకీ దించి, మళ్లీ అదే క్రమంలో బిగించారు. ఓబులేసు వెనక పెట్టిన కొమ్మనూ మూడు చిన్న రాళ్లనూ పక్కకు తోశాడు. ముందు చక్రం కింది రాయిని గట్టు కిందికి విసిరాడు. ఇక మిగిలింది కుడి వెనక చక్రం కిందిది. దాని మీద బండి బరువు ఆని ఉంది కనుక, డ్రైవరు బండిని జానెడు ముందుకు కదిపి క్లచ్ మీద నిలబెడితేనే అది వస్తుంది. ఎత్తు మీద నిండు బండిని అలా నిలబెట్టడం క్లచ్ ప్లేటుకు మంచిది కాదు.

దేవేంద్ర కదిపాడు. ఓబులేసు వంగి రాయిని తోశాడు. బరువుకు దాని అడుగు తారులోకి దిగబడి ఉంది, కదలలేదు. రెండు చేతులా పట్టి లేపబోతే ఎడమ మోకాలు మడతపడి రోడ్డు మీద కూలబడ్డాడు. ప్లేటు మాడుతున్న వాసన వచ్చింది. హారను మోగింది.

"ఎక్కు మామా! పోతాండాది ప్లేటు! ఎక్కు!"

లారీ కదిలింది. ఎత్తు మీద ఒకసారి కదిలిన నిండు బండిని ఏ డ్రైవరూ మళ్లీ ఆపడు. ఎక్కాలంటే బండి వెనక నుంచి చుట్టుకుని ఎడమ పక్కకు పరిగెత్తి తలుపు కడ్డీ పట్టుకోవాలి. ఓబులేసు రాయి వైపు ఒక్కసారి చూసి, కుంటుతూ పరిగెత్తాడు. ఉలవ తీగల మీద చక్రాలు కరకరలాడుతూ పోయాయి. మునిలక్ష్మమ్మ చీపురు పైకెత్తి ఊపింది.

మార్చిన చక్రం నట్లను కొన్ని మైళ్లు పోయాక మళ్లీ ఒకసారి బిగించాలి. పుంగనూరు పొలిమేరలో అందుకోసం ఆగారు. ఓబులేసు ఒక్కొక్క నట్టూ బిగించి, లేచి నిలబడి, పానా తుడుస్తూ అన్నాడు:

"ఆ రాయి తీయలే దేవేంద్రా."

"యా రాయి?"

"కుడి చక్రం కిందిది. రోడ్డు నడిమధ్యనే ఉండాది."

దేవేంద్ర గడియారం చూసుకున్నాడు. "దానికోసరం ఏడు మైళ్లు ఎనక్కి పోవాల్నా? ఈ బరువుతోనా? రోడ్ల మీద రాళ్లు కొత్తా మామా? ఎవురో ఒకరు తీస్తారు."

"పెద్ద రాయబ్బా."

"ఆయమ్మ ఆడనే ఉండాది గదా. ఆమె కండ్లకు కనపడదా? తీస్తాది లే."

ఆ మాటలో ఓబులేసుకు కావలసిన ఊరట ఉంది. అవును, ఆమె అక్కడే ఉంది. రోడ్డు మీద పని చేసుకునే మనిషి. అతను పానా సీటు కింద పెట్టి బండి ఎక్కాడు. ఆరుకు పావు గంట ఉండగా మదనపల్లె చేరారు, హమాలీలు ఇంకా ఉన్నారు.

గురువారం ఉదయం ఖాళీ బండితో తిరిగి బయలుదేరారు. పుంగనూరు దాటి, ఎత్తు దిగబోయే చోట సావిత్రమ్మ టీ అంగడి ఉంది. ఆ రోడ్డులో తిరిగే లారీలు చాలావరకు అక్కడ ఆగుతాయి. సావిత్రమ్మ టీ వడపోస్తూ, ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది.

"కింద నిదానంగా పోండప్పా. మొన్న పిల్లోడొకడు సచ్చిపోయినాడు."

"యాడ?" అన్నాడు దేవేంద్ర.

"ఎత్తు మొదుట్లో. మన వెంకటరమణప్ప కొడుకు, మహేషని. ఎరువులంగట్లో పని. పొద్దు మునిగినంక మోపెడ్ మీద ఇంటికొస్తాండె. దాని లైటు ఎప్పుడూ మినుకు మినుకే. వాళ్లమ్మ రోడ్డు మీద ఉలవలు పోసుకోనింది, కుప్ప కాడ రాయి పెట్టింది. ఆ రాయికి కొట్టుకోని ఎగిరిపడినాడు. తల తారుకు తగిలింది. తల్లి పెట్టిన రాయికే పోయినాడు సూడు, ఇంటికి రెండు ఫర్లాంగుల్లో."

ఓబులేసు చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని అతను బల్ల మీద పెట్టలేదు, నోటికీ ఎత్తలేదు.

"పోలీసులు రాలేదా?" అన్నాడు దేవేంద్ర.

"వచ్చినారు. తనంతట తనే పడినాడని రాపిచ్చినాడు వెంకటరమణప్ప. పెండ్లాం మీద కేసు పెడతాడా ఏమి? కానీ ఇంట్లో ఒకరూ ఆమెతో మాట్లాడరు. శవం మీద పడి ఏడుస్తాంటే మొగుని అక్క రెక్క పట్టుకోని ఈడ్చిపారేసిందంట, 'నువ్వే చంపి నువ్వే ఏడుస్తాండావా' అని. కోడలికి ఇరవై రెండేండ్లు, ఆ పిల్ల మొగం కూడా సూడదు. రెండు దినాలుగా గొడ్ల కొట్టంలో పడుండాది మునిలక్ష్మమ్మ. ఎవురన్నా పిలిచి ఇంత సంగటి పెడితేనా!"

లారీ నిదానంగా దిగింది. ఆ చోట రోడ్డు మీద మట్టి పోసి ఉంది. మట్టి అంచున మోపెడ్ లైటు గాజు పెంకులు నలిగి మెరుస్తున్నాయి. రాయిని ఎవరో గట్టు వైపు దొర్లించారు. బండి దాని పక్క నుంచి పోతున్నప్పుడు ఓబులేసు తల బయటపెట్టి చూశాడు. ఒక పక్క వాలు. వాలు మీద నాలుగు వేళ్ల వెడల్పున టైరు ఒత్తుకున్న నల్లటి మరక. ఉలవల చుట్టూ పెట్టే రాయికి అటువంటి మరక ఉండదు. అది తాను పెట్టిన చోటు నుంచి కుప్ప దగ్గరికి ఎలా పోయిందన్న ప్రశ్న అతనికి రాకపోలేదు. వాలు రోడ్డు, ఏ బండి చక్రమో తగిలి దొర్లి ఉంటుందని జవాబు చెప్పుకున్నాడు.

లారీ పలమనేరు దాటింది. తరువాత దేవేంద్రే అన్నాడు.

"నువ్వేం ఆలోచన చేస్తాండావో నాకి తెలుసు. వద్దు మామా."

"అది మన రాయి."

"రాయికి పేరుంటాదా?"

"ఆయమ్మ పెట్టలేదు దాన్ని."

"ఇప్పుడు పోయి చెప్తే ఆ పిల్లోడు లేసొస్తాడా? కేసు యాడికొస్తాది? బండి మీదికి, నా మీదికి. నా లైసెన్సు పోతే నా ఇద్దురు బిడ్డలకు నువ్వు కూడు పెడతావా?"

దేవేంద్ర చెడ్డవాడు కాదు. ఓబులేసుకు జ్వరం వస్తే తన దుప్పటి కప్పి, రెండు వందల మైళ్లు ఒక్కడే మేలుకుని బండి నడిపినవాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం కూడా లేదు.

శుక్రవారం, శనివారం కుప్పంలో లోడు కోసం ఆగారు. యార్డులో ఓబులేసు చక్రాలకు గ్రీజు పెట్టాడు, పంచరు టైరును అతుకు వేయించుకొచ్చాడు. బండి వెనక్కి తీసిన ప్రతిసారీ చక్రం కింద పెట్టిన చెక్కను తీసి, నాలుగడుగులు పోయి, మళ్లీ తిరిగి వచ్చి అక్కడ ఏమీ లేదని చూసుకున్నాడు. యార్డు వాచ్‌మన్ ఈశ్వరప్ప చూసి, "ఏం పోగొట్టుకున్యావప్పా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. శనివారం మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పిలిచి ఇంత సంగటి పెడితేనా అన్న సావిత్రమ్మ మాట గుర్తొచ్చి, ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ఆమె ఏ తప్పూ చేయలేదు, తనకు నీళ్లిచ్చింది. ఒక్క మాట చెబితే ఆమెను ఇంట్లోకి రానిస్తారు. ఆ ఒక్క మాట తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే ఉన్నారు, వాళ్లలో ఒకడు చెప్పడు.

ఆదివారం ఉదయం మళ్లీ పలకలు ఎత్తుకుని బయలుదేరారు. పదకొండున్నరకు ఆ ఎత్తు మొదట్లోకి వచ్చారు. ఓబులేసు తలుపు మీద రెండుసార్లు కొట్టాడు.

దేవేంద్రకు అర్థమైంది. ఎత్తు ఇంకా మొదలు కాని చదును చోట బండి ఆపాడు, ఇంజను ఆపలేదు.

"లారీ నంబరు చెప్పను. నీ పేరు చెప్పను," అన్నాడు ఓబులేసు. "రాయి తీసేది క్లీనరు పని. అది నా తప్పని చెప్తాను."

"క్లీనరంటే లారీ లేకుండా గాల్లో ఉంటాడా? వాళ్లడగరా?"

"అడిగితే చెప్పను."

"నువ్వు దిగితే మళ్లా ఎక్కొద్దు మామా. నిజంగానే చెప్తాండా."

ఓబులేసు సీటు వెనక నుంచి తన సంచి తీసుకున్నాడు. దాంట్లో ఒక పంచ, ఒక దుప్పటి, గడ్డం గీసుకునే సామాను ఉన్నాయి. కుడి కాలు ముందు మోపి దిగాడు. దేవేంద్ర కాసేపు ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. "మోకాలికి ఆ నూనె రాసుకో," అని, గేరు వేసి పోయాడు.

పెంకుటింటి ముందు విశాలమైన వాకిలి. గోడకు ఆనించి ఉలవల మూటలు మూడు, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అరుగు మీద వెంకటరమణప్ప కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఏ పనీ లేని చేతులను ఏం చేయాలో తెలియనట్టు వాటినే చూస్తున్నాడు. వాకిలికి ఎడమ పక్క గొడ్ల కొట్టం. అందులో ఒక స్తంభానికి ఆనుకుని, గోనెసంచి పరుచుకుని, మునిలక్ష్మమ్మ ఉంది.

"ఎవురప్పా?" అన్నాడు వెంకటరమణప్ప.

ఓబులేసు సంచి కింద పెట్టాడు. దారిపొడుగునా అనుకున్న మాటల్లో మొదటిది చెప్పాడు.

"మంగళవారం నాడు ఈ రోడ్డులో లారీ ఒకటి చక్రం మార్చినాది. దాంట్లో క్లీనర్ని."

"ఊఁ."

"మీ కొడుకు కొట్టుకున్య రాయి మీ ఇంట్లోవాళ్లు పెట్టింది కాదప్పా. పెద్ద రాయి, ఒక పక్క వాలు, దానిమీద టైరు నలుపు ఉంటాది. పోయి సూడండి. అది నేను తెచ్చి చక్రం కింద పెట్టినా. తీయాల్సింది నేను. మోకాలు పట్టలేదు, బండి కదిలిపోయినాది, ఇడిసిపెట్టి పరిగెత్తినా. పుంగనూరులో గుర్తుకొచ్చినా ఎనక్కి రాలే."

వెంకటరమణప్ప లేచాడు. అరుగు దిగి వచ్చి ఓబులేసు చొక్కా గుండెల దగ్గర పట్టుకున్నాడు. ఓబులేసు చేతులు అడ్డం పెట్టలేదు. కాసేపటికి ఆ పిడికిలి దానంతట అదే వదులైంది.

"యా లారీ?"

"లారీ నన్నడగొద్దు. నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి."

"అయిదు దినాలాయె. ఇప్పుడు యాల చెప్తాండావు?"

"ఆయమ్మను అందురూ అంటాండారని విన్యాను. ఆయమ్మ తప్పు లేదు."

తలుపు దగ్గర కోడలు సుధారాణి నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఓబులేసు మొహంలోకి ఆమె చాలాసేపు చూసింది. అందులో కోపం ఉందో లేదో అతను తెలుసుకోలేకపోయాడు. తరువాత ఆమె మెట్లు దిగి, వాకిలి దాటి, కొట్టంలోకి పోయి, అత్త ముందు నిలబడింది.

"అత్తా."

మునిలక్ష్మమ్మ తల ఎత్తింది.

"లోపలికి రా. సంగటి చేసినా, తిందువు."

అయిదు రోజుల్లో ఆ ఇంట్లో ఆమెతో ఎవరైనా అన్న మొదటి మంచి మాట అది. సుధారాణి చెయ్యి చాచింది. మునిలక్ష్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి స్తంభానికి ఆనించి లేచింది. తినకపోవడం వల్ల అడుగులు తడబడ్డాయి. ఇద్దరూ వాకిలి మధ్యకు వచ్చారు. వెంకటరమణప్ప భార్యకు దారి ఇవ్వడానికి ఒక అడుగు పక్కకు జరిగాడు. ఓబులేసు ఊపిరి వదిలాడు.

మునిలక్ష్మమ్మ మెట్టు దగ్గర ఆగింది.

"నీళ్లు తాగినావు, నువ్వేగదా," అంది ఓబులేసుతో.

"అవునమ్మా."

"నువ్వు పెట్టిన కాడ లేదప్పా ఆ రాయి."

ఆమె గొంతు బొంగురుపోయి ఉంది, కానీ మాటలు వరుసగా వచ్చాయి.

"నువ్వు ఇడిసిపెట్టిపోయింది రోడ్డు నడిమధ్య. మీరు పోయినంక ఒక బస్సు దాన్ని తప్పిచ్చబోయి నా కుప్ప అంచు తొక్కింది. నాకి కోపమొచ్చింది. పోయి దాన్ని గడ్డపారతో లేపి ఈడ్చుకోనొచ్చి కుప్ప పక్కన పెట్టుకున్యా. ఇంత పెద్ద రాయిని సూస్తే ఏ బండీ దగ్గిరికి రాదని. నిజంగానే రాలే. పొద్దు మునిగేటప్పుడు ఉలవలు మూట కట్టినా. వాడొచ్చే టైమాయెనని రాళ్లన్నీ తీసినా. పదకొండు రాళ్లు. నేను పెట్టినవి పదకొండు. లెక్కపెట్టి ఒక్కొక్కటీ గట్టు కిందికి తోసినా." ఆమె ఆగింది. "దాన్ని తోయలే."

"యాల?" అంది సుధారాణి. ఆ మాట గాలి వదిలినంత మెల్లగా వచ్చింది.

"బరువుండాది. పైగా, అది మాది కాదు గదా అనుకున్యా. పెట్టినోళ్లే వచ్చి తీసుకుంటారు లే అనుకున్యా."

సుధారాణి చెయ్యి విదిలించుకోలేదు. ఆమె వేళ్లు మాత్రం ఒకటొకటిగా విడిపోయాయి, అత్త చెయ్యి ఖాళీగా వేలాడింది.

వెంకటరమణప్ప అరుగు మీద కూలబడ్డాడు. "ఈ మాట యాల చెప్పినావే?" అన్నాడు భార్యతో. "ఎవురడిగినారు నిన్ను? లోపలికి పోతాంటివే. పోయి ఇంత తినుంటే ఏమాయె?"

"ఆయప్ప చెప్పినాడు గదా," అంది ఆమె. "అంత దూరం నుంచి వచ్చి తనది చెప్పినాడు. నాది కూడా ఆయప్ప నెత్తిన పెట్టి, నేను యట్ల పోయి తినేది?"

ఆమె వెనక్కి తిరిగింది. ఈసారి ఎవరి చెయ్యీ లేకుండానే వాకిలి దాటి, కొట్టంలో తన గోనెసంచి మీద కూర్చుంది. సుధారాణి మెట్లెక్కి లోపలికి పోయింది. వెంకటరమణప్ప మళ్లీ తన చేతులను చూసుకోసాగాడు.

ఓబులేసును పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. ఆమెను ఇంట్లోకి పంపడానికి వచ్చిన మనిషి అతను. తాను రాకపోతే ఆమె అది ఎవరికీ చెప్పి ఉండేది కాదు, ఇంకా కొన్నాళ్లకు దుఃఖం పాతబడి ఎవరో ఒకరు లోపలికి పిలిచి ఉండేవారు. ఈ సంగతి అతనికి అక్కడ, ఆ ఎండలో నిలబడి ఉండగా, మెల్లగా అర్థమైంది. సంచి తీసుకుని కొట్టం పక్క నుంచి రోడ్డు వైపు నడిచాడు.

"బస్సు నాలుగింటికి గానీ లేదప్పా," అంది మునిలక్ష్మమ్మ అతని వైపు చూడకుండానే. "అంతసేపు ఎండలో యాడ నిలబడతావు?"

ఆమె గోనెసంచి మీద కొంచెం పక్కకు జరిగింది. అతను ఎడమ కాలు చాపుకుని, ఆమెకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. ఎద్దు ఒకటి తల తిప్పి ఇద్దరినీ చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. ఇంట్లో సంగటి కుండ మీద మూత పెట్టిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.